కోతకు ముందు కొలత

గుండె వాల్వు జబ్బుకు ‘చిన్న కోత’ ఆపరేషన్ ఉందని తెలియగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. ఆ కోత ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి ముప్పు తెస్తుందో మాత్రం థియేటర్ బయట జరిగే పరీక్షలే తేలుస్తాయి. సూరత్‌లోని ఉన్ నుంచి వరంగల్ దాకా, ఆయాసంతో బతుకుతున్న ప్రతి ఇంటికీ తెలియాల్సిన సంగతులివి.

తెల్లవారుజాము. ఉన్ పాటియా దగ్గర రాత్రి షిఫ్టు దిగినవాళ్లు టీ బండి చుట్టూ మూగారు. పగటి షిఫ్టువాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని పాండేసరా, సచిన్ వైపు ఆటోలెక్కుతున్నారు. పక్క సందులో మూడంతస్తుల ఇల్లు, అంతస్తుకు వరసగా అద్దె గదులు. ముప్పయ్యేళ్లు నిండని ఇల్లాలు ఒకామె నీళ్ల బిందెతో మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయింది. బిందె కిందపెట్టి గోడకు ఆనుకుని కూలబడింది.

“ఏమైంది వదినా?” పైమెట్టు నుంచి పక్క గది ఆమె.

“ఏం లేదు, జర దమ్ము అస్తాంది.”

కొన్ని వారాలు గడిచాక అదే మనిషి ఆస్పత్రిలో ఎకో గదిలో ఉంటుంది. ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని ఉంటే ఛాతీ మీద చల్లటి జెల్ రాసి పరికరాన్ని కదుపుతారు. తెర మీద గుండె కొట్టుకుంటూ కనిపిస్తుంది. రెండు రేకులూ బార్లా తెరుచుకోవాల్సిన మైట్రల్ వాల్వు అంచులు అతుక్కుపోయి, సన్నటి సందు మాత్రమే మిగిలి ఉంటుంది. బయట భర్త ఫోన్ తీసి ఎవరో పంపిన వీడియో చూపిస్తాడు. “సార్, గిట్ల చిన్న కోతతోని అయితదా?”

డాక్టర్ అవుననరు, కాదనరు. ఒక చీటీ మీద పరీక్షల జాబితా రాసిస్తారు. ఆ జాబితా చూడగానే ఇంటివాళ్ల ముఖాలు మాడిపోతాయి. “ఆపరేషన్ చేస్తరా అంటే మళ్లా పరీక్షలంటరేంది?”

ఇది ఏ ఒక్క ఇంట్లోనో జరిగింది కాదు. బతుకుదెరువుకు సూరత్ చేరిన మన చేనేత, మరమగ్గాల కుటుంబాల్లో పేర్లు మారతాయి, గదులు మారతాయి, ఈ ప్రశ్న మాత్రం మారదు. ఆ పరీక్షలు ఎందుకో తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం అనుమానమూ పోతుంది.

సాంచాల ఊళ్లో మనవాళ్లు

ఉన్ సూరత్ నగరానికి దక్షిణాన, ఉధ్నా నుంచి సచిన్ మీదుగా నవ్‌సారి వెళ్లే దారిలో ఉంది. చుట్టూ సాంచాలనే మరమగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులు, వాటిని నమ్ముకుని దేశం నలుమూలల నుంచి వచ్చిన వలస జనం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు తరాల కిందటే ఈ నగరం దారి పట్టారు. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు వీధులే వెలిశాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడిపేంతగా మనవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు.

వలస బతుకులో జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. ఆయాసం వస్తే నీరసం అనుకుంటారు, దుమ్ము పడలేదనుకుంటారు. షిఫ్టు మానితే కూలి పోతుంది. ఆస్పత్రిలో గుజరాతీ, హిందీ మాట్లాడుతుంటే ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు నోరు పెగలదు. బడికెళ్లే పిల్లలే తల్లులకు దుబాసీలవుతారు. తన నెలసరి గురించి, పోయిన కాన్పు గురించి కొడుకు ముందు ఏ తల్లి చెబుతుంది? వాల్వు పరీక్షలో సగం సమాచారం డాక్టర్ అడిగే ప్రశ్నల్లోనే దొరుకుతుంది. ఆ సగమూ ఇక్కడే జారిపోతుంది.

గొంతు నొప్పితో మొదలై

పాశ్చాత్య దేశాల్లో వాల్వు జబ్బు ఎక్కువగా ముసలితనంలో వస్తుంది. బృహద్ధమని దగ్గరుండే అయోర్టిక్ వాల్వు మీద సున్నం పేరుకుని అది బిగుసుకుపోతుంది. మన దగ్గర అదీ ఉంది. దాంతోపాటు రుమాటిక్ జబ్బు ఇంకా వదల్లేదు. బడి వయసులో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాతో గొంతు నొప్పి, జ్వరం వస్తాయి. సరైన మందు పడకపోతే కొందరిలో రెండు మూడు వారాలకు కీళ్లు వాచి నొప్పి పుడుతుంది. ఆ నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు పాకి, తగ్గిపోతుంది. బాక్టీరియా మీద పోరాడాల్సిన శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున గుండె వాల్వులనూ దెబ్బతీస్తుంది. ఆ మచ్చ ఏళ్ల తరబడి గట్టిపడుతూ పోతుంది. ఇరుకు గదుల్లో, ఎక్కువమంది కలిసి పడుకునే ఇళ్లలో ఈ బాక్టీరియా సులువుగా పాకుతుంది. ప్రపంచవ్యాప్తంగా 4 కోట్లకు పైగా జనం ఈ జబ్బుతో బతుకుతున్నారని అంచనా. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ దీనిమీద ప్రత్యేక తీర్మానమే చేసింది.

చాలామంది ఆడవాళ్లలో జబ్బు బయటపడేది గర్భం దాల్చినప్పుడే. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. సన్నబడ్డ వాల్వు గుండా అంత రక్తం పోలేక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతుంది. అయిదో నెలలోనో ఆరో నెలలోనో పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటారు. “కడుపుతో ఉన్నోళ్లకు ఆయాసం మామూలే” అని ఇంట్లో పెద్దవాళ్లు సర్దిచెబుతారు. ఆ సర్దుబాటు రెండు ప్రాణాల మీదికి తెస్తుంది.

‘చిన్న కోత’ ఒకటి కాదు

ఫోన్ వీడియోల్లో అన్నీ ఒకే పేరుతో తిరుగుతున్నా, వైద్యుల దృష్టిలో ఇవి మూడు వేర్వేరు దారులు.

మొదటిది బెలూన్. గజ్జలోని సిర ద్వారా సన్నటి గొట్టం పంపి, గుండె గదుల మధ్య గోడ దాటించి, అతుక్కున్న మైట్రల్ వాల్వులో బెలూన్ ఉబ్బించి విడదీస్తారు. కోతే ఉండదు. జపాన్ సర్జన్ కాంజీ ఇనోవే 1982లో మొదలుపెట్టిన ఈ పద్ధతి మన దేశంలో రుమాటిక్ రోగులెందరికో ఆయువు పోసింది.

రెండోది చిన్న కోత సర్జరీ. మామూలు ఆపరేషన్‌లో ఛాతీ మధ్య ఎముకను నిలువునా చీలుస్తారు. ఇందులో మైట్రల్ వాల్వు కోసమైతే కుడి రొమ్ము కింద పక్కటెముకల సందున, అయోర్టిక్ వాల్వు కోసమైతే ఎముక పైభాగాన్ని కొద్దిగా చీల్చి గానీ, కుడివైపు పై పక్కటెముకల మధ్య నుంచి గానీ లోపలికి వెళ్తారు. కోత చిన్నదైనా లోపల పని చిన్నది కాదు. గుండెను ఆపాలి, హార్ట్ లంగ్ మెషీన్ మీద పెట్టాలి, వాల్వును బాగుచేయాలి లేదా మార్చాలి. చాలాసార్లు ఆ మెషీన్ గొట్టాలను గజ్జలోని రక్తనాళాల ద్వారా ఎక్కిస్తారు.

మూడోది టావీ. మడిచిన కొత్త వాల్వును తొడ ధమని గుండా పంపి, బిగుసుకుపోయిన అయోర్టిక్ వాల్వు లోపలే విప్పుతారు. గుండెను ఆపే పని లేదు. ఇప్పుడు అందరి నోటా నానుతున్నది ఇదే. 2021లో 75 ఏళ్లు దాటినవారికి ముందుగా టావీ ఆలోచించమన్న ఐరోపా మార్గదర్శకాలు 2025లో ఆ వయసును 70కి దించాయి. టావీ వాల్వు ఇప్పుడు మన దేశంలోనూ తయారవుతోంది. సూరత్‌కు దక్షిణాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న వాపిలో మెరిల్ సంస్థ చేసిన ‘మైవాల్’ను విదేశీ వాల్వులతో పోల్చి చూసిన ల్యాండ్‌మార్క్ అధ్యయనం 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 768 మంది మీద జరిగిన ఆ అధ్యయనంలో మన వాల్వు ఫలితాలు వాటికి తీసిపోలేదు.

కానీ ఒకరికి అమృతమైన దారి మరొకరికి పనికిరాదు. అతుక్కున్న రుమాటిక్ మైట్రల్ వాల్వుకు టావీ దారి కాదు. సున్నం కట్టిన అయోర్టిక్ వాల్వుకు బెలూన్ శాశ్వత పరిష్కారం కాదు. ఎవరికి ఏ దారి అన్నది తేల్చడానికే ఆ చీటీలోని పరీక్షలన్నీ.

వాల్వు వైద్యం: వందేళ్ల నడక (బాక్స్)

• 1923: బోస్టన్‌లో ఎలియట్ కట్లర్ 12 ఏళ్ల బాలిక మైట్రల్ వాల్వును కత్తితో విడదీశారు.
• 1925: లండన్‌లో హెన్రీ సూటర్ కొట్టుకుంటున్న గుండెలోకి వేలు పెట్టి వాల్వును సరిచేశారు.
• 1953: అమెరికాలో జాన్ గిబ్బన్ హార్ట్ లంగ్ మెషీన్‌తో మొదటి విజయవంతమైన ఆపరేషన్ చేశారు.
• 1960: ఆల్బర్ట్ స్టార్, ఇంజినీర్ లోవెల్ ఎడ్వర్డ్స్ రూపొందించిన కృత్రిమ వాల్వును మైట్రల్ స్థానంలో అమర్చారు.
• 1982: కాంజీ ఇనోవే బెలూన్ పద్ధతి.
• 1990 డిసెంబర్ 6: తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో వలియత్తాన్ బృందం రూపొందించిన చిత్ర వాల్వును మొదటిసారి రోగికి అమర్చారు.
• 1996: ఫ్రాన్స్, అమెరికాల్లో చిన్న కోత వాల్వు సర్జరీకి శ్రీకారం.
• 2002 ఏప్రిల్ 16: ఫ్రాన్స్‌లోని రూవాన్ నగరంలో అలెన్ క్రిబియే మొదటి టావీ చేశారు.

చెవితో మొదలై తెరకు చేరేదాకా

మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించే ముందు నేతగాడు పోగు పోగూ తడిమి చూసుకుంటాడు. తెగిన పోగు ఒక్కటి కంటబడకపోతే బట్ట మొత్తం పాడవుతుందని అతనికి తెలుసు. సర్జన్ చూపు కూడా అలాంటిదే.

మొదటి పరీక్షకు యంత్రమే అక్కర్లేదు. ఎన్ని మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది? రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు? ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా? చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చిందా? గుండె దడగా, లయ తప్పి కొట్టుకుంటోందా? ఈ జవాబులను బట్టి జబ్బు తీవ్రతను నాలుగు మెట్లుగా విడదీస్తారు. తర్వాత స్టెతస్కోప్. సన్నబడ్డ వాల్వుది ఒక చప్పుడు, కారుతున్న వాల్వుది మరొకటి.

ఆపైన ఎకో. మామూలు మైట్రల్ వాల్వు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. అది 1.5కి, అంతకన్నా తక్కువకు పడిపోతే తీవ్రమైన జబ్బు. అయోర్టిక్ వాల్వు 1 చదరపు సెంటీమీటర్ దాకా కుంచించుకుపోతే, దాని గుండా రక్తం సెకనుకు 4 మీటర్లకు మించిన వేగంతో దూసుకుపోతే అదీ తీవ్రమే. అంకెలతో పని అయిపోదు. రేకులు ఎంత కదులుతున్నాయి, ఎంత మందమయ్యాయి, సున్నం ఎంత పట్టింది, కింది తాళ్లు ఎంత బిగుసుకున్నాయి అని నాలుగు అంశాలకు తలా 1 నుంచి 4 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 8 లోపు ఉంటే బెలూన్‌తో మంచి ఫలితం ఆశించవచ్చు. దీన్నే విల్కిన్స్ స్కోరు అంటారు. ఉన్ మెట్ల మీద కూలబడ్డ ఇల్లాలి వంటివారికి ఈ ఒక్క లెక్కే ఆపరేషన్ తప్పించవచ్చు.

తర్వాతది చాలామంది భయపడే పరీక్ష. నోటి గుండా అన్నవాహికలోకి గొట్టం పంపి వెనకనుంచి గుండెను చూసే టీఈఈ. గొంతుకు మత్తు స్ప్రే చేసి, నిద్రమత్తు ఇచ్చి చేస్తారు. ఎడమ పై గది మూలన రక్తపు గడ్డ దాక్కుందా అన్నది దీంట్లోనే స్పష్టంగా కనబడుతుంది. గడ్డ ఉండగా బెలూన్ వేస్తే అది కదిలి మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. “గొట్టం మింగలేను” అని ఈ పరీక్ష తప్పించుకోవడం ప్రమాదం.

గజ్జ నుంచి మెడ దాకా

చిన్న కోత సర్జరీలో మెషీన్ నుంచి వచ్చే రక్తం గజ్జలోంచి పైకి, అంటే మామూలు ప్రవాహానికి ఎదురుగా పారుతుంది. దారిలో ధమని గోడకు కొవ్వు, సున్నం పేరుకుని ఉంటే అవి ఊడి మెదడు దాకా కొట్టుకుపోవచ్చు. అందుకే చాలా కేంద్రాల్లో సీటీ స్కాన్‌తో మెడ నుంచి తొడ దాకా రక్తనాళాలన్నీ ముందే చూస్తారు. తొడ ధమని మరీ సన్నగా ఉందా? మెలికలు తిరిగిందా? అయోర్టా ఉబ్బి ఉందా? కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి అయోర్టిక్ వాల్వు మార్చాలంటే అయోర్టా ఛాతీ ఎముకకు ఎంత కుడిగా ఉందో, ఎంత లోతున ఉందో కూడా కొలుస్తారు. టావీకైతే వాల్వు చుట్టుకొలతను మిల్లీమీటర్లలో లెక్కగట్టాలి. గుండెకు రక్తమిచ్చే ధమనుల మొదళ్లు వాల్వుకు ఎంత ఎత్తున ఉన్నాయో చూడాలి. మరీ దగ్గరగా ఉంటే కొత్త వాల్వు విప్పుకోగానే అవి మూసుకుపోవచ్చు.

ఈ కొలతల విలువ ఏమిటో మొదటి టావీ రోగి కథే చెబుతుంది. 2002లో రూవాన్‌లో క్రిబియే ముందుకు వచ్చిన ఆ 57 ఏళ్ల మనిషి ఆపరేషన్‌కు పనికిరాడని అప్పటికే తేలింది. గుండె చేతులెత్తేసే స్థితిలో ఉంది. పైగా కాళ్ల ధమనులు మూసుకుపోయాయి, మామూలు దారి లేదు. క్రిబియే బృందం సిర గుండా వెళ్లి, గుండె గదుల మధ్య గోడను దాటి వాల్వు అమర్చింది. వాల్వు పనిచేసింది. కానీ కొన్ని నెలలకే కాలికి సంబంధించిన చిక్కులతో ఆ రోగి కన్నుమూశాడు. గుండె ఒక్కటే చూస్తే చాలదు, మనిషి మొత్తాన్ని చూడాలి.

నలభై దాటిన మగవాళ్లకు, నెలసరి ఆగిన ఆడవాళ్లకు గుండె ధమనుల యాంజియో కూడా చేస్తారు. అక్కడ బ్లాకులు దొరికితే లెక్క మారుతుంది. వాల్వుతోపాటు బైపాస్ కూడా చేయాల్సి వస్తే ఛాతీ మధ్య కోతే మేలని సర్జన్ చెప్పవచ్చు.

పాత టీబీ బయటపెట్టాల్సిన చోటు

కుడి పక్కటెముకల సందులోంచి గుండెను చేరాలంటే కుడి ఊపిరితిత్తిని కాసేపు ముడుచుకోనివ్వాలి. ఆ సమయంలో మనిషి ఎడమ ఊపిరితిత్తి మీదే బతకాలి. అందుకే గొట్టంలో ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష. బీడీ, సిగరెట్ అలవాటు, ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము, ఉబ్బసం అన్నీ ఇక్కడ లెక్కకొస్తాయి.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది, టీబీ. ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ ఊపిరితిత్తిని ఛాతీ గోడకు అతికించి పోవచ్చు. చిన్న సందులోంచి ఆ అతుకులు విడదీయబోతే రక్తస్రావం అవుతుంది, ఊపిరితిత్తి చిరుగుతుంది. పెళ్లి సంబంధాలకు అడ్డమని, నలుగురూ ఏమనుకుంటారోనని టీబీ సంగతి దాచే ఇళ్లు మనకు తెలుసు. మద్యం, గుట్కా సంగతీ అంతే. ఆపరేషన్‌కు ముందు అడిగే డాక్టర్ దగ్గర మాత్రం ఏదీ దాచకూడదు. అక్కడ దాచిన మాట బల్ల మీద ప్రాణానికి అడ్డొస్తుంది.

పళ్ల డాక్టర్ దగ్గరికి పంపితే “గుండెకూ పళ్లకూ ఏం సంబంధం?” అని విసుక్కునేవాళ్లున్నారు. పుచ్చిన పన్నులోని క్రిములు రక్తంలో కలిసి కొత్త వాల్వు మీద చేరితే అది ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్. కాబట్టి పాడైన పన్ను ముందే తీయించుకోవాలి. షుగరు, కిడ్నీ, లివర్, రక్తహీనత పరీక్షల వెనకా ఇలాంటి కారణమే ఉంది. ఒక్కటి చెడినా, ఆపరేషన్ బాగా జరిగినా మనిషి కోలుకోవడం కష్టం.

చిన్న కోత వద్దనే సందర్భాలు (బాక్స్)

• అయోర్టిక్ వాల్వు కూడా ఎక్కువగా కారుతుంటే: గుండెను ఆపడానికి ఇచ్చే మందు వెనక్కి కారిపోయి గుండెకు సరైన రక్షణ దొరకదు.
• తొడ ధమనులు సన్నగా ఉన్నా, సున్నం కట్టినా.
• కుడి ఛాతీలో పాత టీబీ అతుకులున్నా, గతంలో అక్కడ ఆపరేషన్ జరిగినా, రేడియేషన్ పడినా.
• ఊపిరితిత్తుల శక్తి బాగా తగ్గినప్పుడు.
• మైట్రల్ వాల్వు వలయం చుట్టూ గట్టిగా సున్నం కట్టినప్పుడు.
• బైపాస్ కూడా అవసరమైనప్పుడు.

వీటిలో కొన్నింటికి అనుభవమున్న బృందాలు వేరే దారి వెతుకుతాయి. ‘వద్దు’ అన్నది ఓటమి కాదు, ప్రాణానికి వేసిన కాపలా.

స్కోరుకు చిక్కని మనుషులు

ఆపరేషన్‌లో ప్రాణాపాయం ఎంతని అడిగితే వైద్యులు కంప్యూటర్‌లో కొన్ని వివరాలు నింపి ఒక శాతం చెబుతారు. అమెరికా సర్జన్ల సంఘం రూపొందించిన ఎస్‌టీఎస్ స్కోరు ఒకటి, యూరోస్కోర్ 2 ఇంకొకటి. 2012లో వెలువడిన యూరోస్కోర్ 2 వెనక 43 దేశాల్లోని 154 ఆస్పత్రులకు చెందిన 22,381 మంది రోగుల వివరాలున్నాయి. గొప్ప కృషే. అయితే అందులోని రోగుల సగటు వయసు 60 దాటింది. మన రుమాటిక్ రోగి ముప్పయ్యేళ్ల మనిషి. స్కోరు ఆ మనిషికి తక్కువ ముప్పు అని చెబుతుంది. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పెరిగిన ఒత్తిడి, అలసిపోయిన కుడి గుండె, చిక్కిపోయిన ఒళ్లు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ముసలివాళ్ల విషయంలో మరో చూపు కావాలి. ఒకే వయసున్న ఇద్దరిలో ఒకరు పొలం గట్టు మీద నడుస్తారు, మరొకరు మంచం దిగలేరు. అందుకే 5 మీటర్లు నడవమంటారు, 6 సెకన్లు దాటితే బలహీనతగా లెక్కిస్తారు. చేతి పట్టు చూస్తారు. స్నానం, భోజనం, బట్టలు కట్టుకోవడం సొంతంగా చేసుకుంటున్నారా అని అడుగుతారు. అప్పుడే హార్ట్ టీమ్ కూర్చుంటుంది. కార్డియాలజిస్టు, సర్జన్, మత్తు డాక్టర్, స్కాన్ చదివే నిపుణులు కలిసి ఒక మాట మీదికి వస్తారు. ఒక్క డాక్టర్ ఇష్టంతో కాక నలుగురి తీర్పుతో దారి ఎంచుకోవడమే ఈ తరం గుండె వైద్యం సాధించిన మేలు.

మచ్చ, కూలి, కడుపుపంట

చిన్న కోత కోరుకోవడంలో తప్పు లేదు. పెళ్లికాని ఆడపిల్ల ఛాతీ మధ్య మచ్చతో బతకాలన్న బెంగ తల్లిదండ్రులకు చిన్నదేమీ కాదు. మగ్గం కూలికి ఎముక అతుక్కునేదాకా బరువు ఎత్తకూడదంటే రెండు మూడు నెలల కూలి పోయినట్టే. ఈ ఆశలకు ఆధారం ఎంత? బ్రిటన్‌లో 330 మంది మీద జరిగి 2023లో జామా పత్రికలో వచ్చిన అధ్యయనం నిజాయితీగా జవాబిస్తుంది. మైట్రల్ వాల్వు బాగుచేయించుకున్నవారిలో చిన్న కోతవాళ్లు కాస్త ముందుగా ఇల్లు చేరారు, మొదటి వారాల్లో త్వరగా తిరిగారు. పన్నెండు వారాలు గడిచేసరికి రెండు జట్లూ సమానమే. ఏడాది తర్వాత వాల్వు పనితీరూ, భద్రతా ఇద్దరిలో ఒకేలా ఉన్నాయి. ఆ చేతులు ఆరితేరిన సర్జన్లవన్నది మరవకూడదు. ఆ కొన్ని వారాల లాభం కూలి మనిషికి విలువైనదే. దానికోసం పాడైన వాల్వును సరిగా బాగుచేసే అవకాశాన్ని వదులుకుంటే మాత్రం బేరం గిట్టదు.

కోత కన్నా జీవితాన్ని ఎక్కువ మార్చేది లోపల పెట్టే వాల్వు. లోహపు వాల్వు దశాబ్దాలు ఉంటుంది, కానీ జీవితాంతం రక్తం పలచన చేసే మాత్ర వేసుకోవాలి, క్రమం తప్పకుండా ఐఎన్‌ఆర్ రక్తపరీక్ష చేయించాలి. మాత్ర తప్పితే వాల్వులో గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. ఆ మాత్ర గర్భంలోని బిడ్డకు హాని చేయవచ్చు. జంతువుల కణజాలంతో చేసిన వాల్వుకు ఆ బాధ తక్కువే గానీ, చిన్న వయసువాళ్లలో త్వరగా అరిగి రెండో ఆపరేషన్ తెస్తుంది. ఇంకా పిల్లలు కావాలా, పండగకు ఊరెళ్తే రెండు నెలలు అక్కడే ఉంటారా, అక్కడ ఐఎన్‌ఆర్ చేసే ల్యాబ్ ఉందా అన్న ప్రశ్నలు కూడా పరీక్షలో భాగమే. వాటికి జవాబు స్కాన్‌లో దొరకదు, ఇంటావిడ నోటి నుంచే రావాలి. ఆమె తన భాషలో చెప్పుకునే వీలుండాలి.

కార్డు, ఫైలు, నవజీవన్

తెలుగు రాష్ట్రాల్లో పేదవాడి గుండె ఆపరేషన్‌కు 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద దిక్కయింది. అంతకుముందే 1991లో పుట్టపర్తిలో మొదలైన సత్యసాయి ఆస్పత్రి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తూ వచ్చింది. తెలంగాణ 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. అదే ఏడాది గుజరాత్ కూడా పీఎంజేఏవై ఆరోగ్య బీమా పథకం పరిమితిని 10 లక్షలకు పెంచింది. అహ్మదాబాద్‌లోని యు.ఎన్.మెహతా సంస్థ గుండె జబ్బులకే ప్రత్యేకించిన పెద్ద ప్రభుత్వ వైద్య కేంద్రం. దారులున్నాయి. వలస కుటుంబానికి మాత్రం కార్డు ఒక రాష్ట్రానిది, బతుకు మరో రాష్ట్రంలో. ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో, ఏ పద్ధతికి వర్తిస్తుందో పరీక్షలు మొదలయ్యే రోజునే ఆస్పత్రిలోని పథకం కౌంటర్‌లో అడగాలి. టావీకి ఎన్నో లక్షలవుతుంది కాబట్టి ఈ సంగతి ముందే తేలాలి.

సూరత్‌లో ఎకో, వరంగల్‌లో యాంజియో, హైదరాబాద్‌లో మళ్లీ అన్నీ మొదటినుంచి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఇటూ అటూ తిరిగే కుటుంబాలకు ఇది తెలిసిన బాధే. ఎకో కాగితం ఒక్కటే కాదు, సీటీ, యాంజియో సీడీలు కూడా అడిగి తీసుకోండి. తేదీల వరసలో ఒకే ఫైలులో పెట్టండి. మంచి ఫైలు ఉంటే రెండో డాక్టర్ అవసరమైన పరీక్ష మాత్రమే చేయిస్తారు.

డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు (బాక్స్)

1. నా వాల్వుకు బెలూన్ సరిపోతుందా? సరిపోకపోతే ఎందుకు?
2. వాల్వును బాగుచేస్తారా, మారుస్తారా?
3. చిన్న కోతకు నా ఒళ్లు తగినదని ఏ పరీక్ష చూసి నిర్ణయించారు?
4. ఈ బృందం ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తోంది? మధ్యలో పెద్ద కోతకు మారాల్సి వస్తే సిద్ధంగా ఉంటారా?
5. తర్వాత ఏ మందులు, ఎంతకాలం? నేను ఊరెళ్తే అక్కడ ఎవరిని కలవాలి?

ముందే ఆపగలిగే జబ్బు

ఈ కథలో అన్నింటికన్నా చవకైన మందు పెన్సిలిన్. స్ట్రెప్టోకాకస్‌తో వచ్చే పిల్లల గొంతు నొప్పికి సకాలంలో అది పడితే, కీళ్లు వాచి గుండెను దెబ్బతీసే రుమాటిక్ జ్వరాన్ని చాలావరకు ఆపవచ్చు. ఒకసారి ఆ జ్వరం వచ్చినవాళ్లు మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటే వాల్వు ఇంకా చెడకుండా ఆగుతుంది. బెలూన్ వేసినా, వాల్వు మార్చినా డాక్టర్ ఆపమనేదాకా ఆ ఇంజెక్షన్ ఆపకూడదు. నొప్పి పుడుతుందనో, ఊరు మారామనో మానేసినవాళ్లే మళ్లీ ఎకో గదికి వస్తున్నారు.

సూరత్‌లోని తెలుగు సంఘాలు ఏటా జరిపే ఉత్సవాల రోజున ఒక గుండె పరీక్షల శిబిరం పెడితే, ఆస్పత్రి మెట్ల దగ్గర తెలుగు మాట్లాడే ఒక మనిషిని నిలబెడితే ఎన్నో ఇళ్లు నిలబడతాయి. మీ ఇంట్లో మెట్లెక్కుతూ ఆగిపోయే మనిషి ఉంటే, కడుపుతో ఉండి పడుకోలేకపోతున్న కోడలో కూతురో ఉంటే ఈ వారమే ఎకో చేయించండి. పరీక్షల జాబితా చూసి వెనుదిరగకండి. కోత ఎంత అని ఆఖరున అడగండి. నా గుండెకు ఏది సరిపోతుంది అని ముందు అడగండి.